పుస్తకాల పడవ వెళ్లిన దారిలో...

కాలువ మీద పడవ. పడవలో పుస్తకాలు. చదివేది ఒకరైతే వినేది పదిమంది! కృష్ణా డెల్టాలో ఒకప్పుడు చదువు ఇలాగే సాగింది. బెజవాడ నుంచి వేటపాలెం దాకా ఆ దారి పట్టుకుని వెళ్తే పుస్తకాల కన్నా వాటి చుట్టూ చేరిన మనుషుల కథలే ఎక్కువగా ఎదురవుతాయి.

ఆదివారం పేపరు గుమ్మంలో పడగానే ఇంట్లో ఏం జరుగుతుంది? మొదటి పేజీలు నాన్నకి, జిల్లా పేజీలు తాతయ్యకి, అనుబంధం ఎవరి చేతికి ముందు చిక్కితే వాళ్లకి. పది నిమిషాలు గడిచాయో లేదో... ‘ఇది చూశావా’ అంటూ వంటింట్లోకి ఓ కేక. చదివింది ఒకరు, విన్నది నలుగురు. రైల్లో అయితే మరీనూ. ఒక పేపరు కొంటే పెట్టె పెట్టంతా చదువుతుంది. లోపలి పేజీ ఒకరి దగ్గర, ఆటల పేజీ ఇంకొకరి దగ్గర. దిగేలోపు దాని మీద ఓ చర్చ కూడా అయిపోతుంది.

మనకు చదవడం ఎప్పుడూ ఒంటరి పని కాదు. గుడి మండపంలో పురాణ కాలక్షేపం గుర్తుందా? ఒకరు పద్యం చదువుతారు. ఇంకొకరు అర్థం చెబుతారు. మధ్యలో వెనక నుంచి ఎవరో సందేహం వేస్తారు. ఆయనకు సమాధానం చెబుతుండగానే మరొకరు తన ఊళ్లో జరిగింది చెబుతారు. అక్షరం ముక్క రానివాళ్లు కూడా భారతంలో ఎవరు ఎవరికి ఏమవుతారో తడుముకోకుండా చెప్పగలిగారంటే కారణం అదే. పుస్తకం ఒక్కటే. అది చాలామంది నోళ్లలో నానింది.

ఈ పాత అలవాటే వందేళ్ల కిందట తెలుగునాట ఓ పెద్ద ఉద్యమమైంది. దాని ఆనవాళ్లు చూడాలంటే దూరాలు వెళ్లక్కర్లేదు. విజయవాడలో పాసింజరు రైలెక్కితే చాలు.

బెజవాడలో మొదలు

రైలెక్కేముందు విజయవాడలోనే చూడాల్సింది ఒకటుంది. రాజా రామమోహన్‌రాయ్ పేరిట 1911లో వెలిసిన రామమోహన గ్రంథాలయం. 1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులంతా ఇక్కడ సమావేశమయ్యారు. అధ్యక్షత వహించింది చిలకమర్తి లక్ష్మీనరసింహం. ముందుండి నడిపించింది అయ్యంకి వెంకటరమణయ్య. అప్పటికి ఆయన పాతికేళ్లు కూడా నిండని కుర్రాడు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆ రోజే పుట్టింది.

అందులో విశేషమేముంది అనిపించవచ్చు. ఆ కాలంలో దేశంలో గ్రంథాలయాలకు పేరుపడ్డ చోటు బరోడా సంస్థానం. అక్కడ మహారాజు శాయాజీరావు గైక్వాడ్ తలచుకున్నాడు. అమెరికా నుంచి నిపుణుణ్ని రప్పించాడు. ఖజానా తెరిచాడు. మరి ఇక్కడో? రాజు లేడు, ఖజానా లేదు. ఉన్నదల్లా ఊళ్లల్లో ఉపాధ్యాయులు, ప్లీడర్లు, చిన్న వ్యాపారులు, రైతులు. ఎవరింట్లోనో ఓ గది, ఎవరో ఇచ్చిన బీరువా, నలుగురు వేసుకున్న చందా. సాయంత్రమైతే పత్రిక బయటికి చదివి వినిపించడం, రాత్రిళ్లు పెద్దలకు అక్షరాలు దిద్దించడం. గ్రంథాలయ యాత్రల పేరుతో ఊరూరా తిరిగి పుస్తకం గొప్పతనం చెప్పడం... ఇదీ ఇక్కడి పద్ధతి.

బెజవాడ సభకు ముందూ ఇలాంటివి అక్కడక్కడా ఉన్నాయి. భీమవరం దగ్గర కుముదవల్లి అనే పల్లెటూళ్లో వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం 1897లోనే వెలిసింది. కందుకూరి బతికుండగానే ఆయన పేరు పెట్టుకున్నారన్నమాట! హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 సెప్టెంబరు 1న మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దాని వెనకున్న పెద్దలు. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో వచ్చింది.

నిజాం పాలనలో ఈ పని మరీ కష్టం. అనుమతి లేకుండా సభ పెట్టకూడదని ‘గస్తీ నిషాన్ 53’ అనే ఉత్తర్వు ఉండేది. అలాంటిచోట తెలుగు పుస్తకాలున్న ఓ గది ఉందంటే... నలుగురు కలుసుకోవడానికి ఓ చోటు దొరికినట్టే. ఆ రోజుల్లోనే వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుని ఊళ్లు తిరిగి అమ్మేవారు. చిన్నతనంలో ఇళ్లల్లో పనిచేస్తూ చదువుకున్న మనిషి ఆయన. తర్వాత దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు వేశారు. ‘ప్రజల మనిషి’ నవల రాశారు. ఆయన చేతిలోంచి పుస్తకం తీసుకుంటే అది కొనడం మాత్రమే కాదు, ఓ సంభాషణ మొదలుపెట్టడం కూడా.

లాకుల దగ్గర ఆగే గ్రంథాలయం

ఇక రైలెక్కుదాం. కృష్ణ వంతెన దాటగానే వచ్చే స్టేషను పేరే కృష్ణా కెనాల్. అక్కణ్నుంచి తెనాలి వైపు వెళ్తుంటే పెదవడ్లపూడి, చిలువూరు, దుగ్గిరాల. కిటికీలోంచి చూస్తే వరి, అరటి, పసుపు, కంద. దుగ్గిరాల పసుపు మార్కెట్ పేరు వినని రైతు ఉండడు. ఈ పచ్చదనానికంతటికీ కారణం పశ్చిమ డెల్టా కాలువలు. ఇప్పుడంటే అవి పొలాలకు నీళ్లిచ్చే కాలువలే కానీ ఒకప్పుడు ఈ ప్రాంతానికి అవే రహదారులు. ధాన్యం వాటి మీదే వెళ్లేది. పెళ్లివారు వాటి మీదే వెళ్లేవారు. గట్టు మీద మనుషులు తాడు పట్టుకుని లాగుతుంటే పడవ నింపాదిగా కదిలేది. లాకుల దగ్గర నీటిమట్టం సరిపోయేదాకా ఆగేది. ఎక్కినవాడికి దిగేదాకా వేరే పనుండదు. కాసేపు కబుర్లు, కాసేపు కునుకు.

ఆ ఖాళీ సమయం మీద ఒకాయన కన్ను పడింది. ఆయన పాతూరి నాగభూషణం. దుగ్గిరాల దగ్గర పెదపాలెం ఆయన ఊరు. సేవాశ్రమ వాణీమందిరం పేరుతో అక్కడ గ్రంథాలయం నడిపేవారు. గ్రంథాలయానికి జనం రావడం లేదని ఊరుకోలేదు. జనం ఎక్కడ కాళ్లు చాపుకుని కూర్చుంటారో అక్కడికే పుస్తకాలు పంపితే పోలా అనుకున్నారు. 1935లో, ముప్ఫయ్యేళ్లు కూడా నిండని వయసులో, పెదవడ్లపూడి-కొల్లిపర మధ్య తిరిగే పడవల్లో పుస్తకాలు పెట్టించారు. అదే పడవ గ్రంథాలయం!

ఆ ఆలోచనలోని తెలివి ఆ కాలం లెక్కలు చూస్తేనే అర్థమవుతుంది. 1931 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు. అంటే పడవలో ఇరవైమంది కూర్చుంటే చదవగలిగేది ఏ ఇద్దరో. పుస్తకం ఆ ఇద్దరి కోసమే అనుకుంటే దండగ. కానీ పడవలో ఎవరైనా పుస్తకం తెరిస్తే పక్కనున్నవాళ్లు ఊరుకుంటారా? ‘ఏవిటి బాబూ అందులో, కాస్త బయటికి చదువుదూ’ అంటారు. అంతే, పడవ మొత్తం ఓ పురాణ కాలక్షేపం అయిపోతుంది. దిగినవాడు ఇంటికెళ్లాక ఆ కథ చెబుతాడు. సగంలో దిగిపోయినవాడికి ఆ తర్వాత ఏమైందో తెలియాలి కదా! పుస్తకానికి ఇంతకన్నా మంచి ప్రచారం ఇంకేముంటుంది?

రోడ్లు పడ్డాయి. బస్సులొచ్చాయి. కాలువల్లో ప్రయాణికుల పడవలు కనుమరుగయ్యాయి. వాటితో పాటే పుస్తకాల పడవా వెళ్లిపోయింది. పాతూరి వారు మాత్రం ఆగలేదు. గ్రంథాలయాలు నడిపేవాళ్లకు శిక్షణ ఇచ్చే పనిని భుజాన వేసుకున్నారు. ఆయన పేరుతో గ్రంథాలయ శాస్త్ర పాఠశాల విజయవాడలో వెలిసింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు పేరిట ఆ ఊళ్లోనే సర్వోత్తమ గ్రంథాలయం ఉంది.

కొల్లిపర వైపు కాలువ గట్టున నడిస్తే ఇప్పుడు మోటారు సైకిళ్ల చప్పుడే. అయినా వంతెన అరుగు మీద పేపరు పరుచుకుని ఒకరు చదువుతుంటే పక్కనిద్దరు మెడలు వంచి చూడటం డెల్టా ఊళ్లల్లో ఇంకా అరుదైన దృశ్యం కాదు. పడవ పోయింది కానీ అలవాటు పూర్తిగా పోలేదు.

తెనాలి... ఆగి చూడాల్సిన ఊరు

దుగ్గిరాల దాటితే తెనాలి. ‘ఆంధ్రా ప్యారిస్’ అని ఊరికే అనలేదు. నాటకాలు, నటులు, రచయితలు... ఏ వీధిలో ఎవరుండేవారో చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. మన కథకు కావాల్సినవాళ్లు మాత్రం ఇద్దరు. ఒకరు చక్రపాణి, మరొకరు కొడవటిగంటి కుటుంబరావు. ఇద్దరిదీ తెనాలే.

చక్రపాణి బెంగాలీ నేర్చుకుని శరత్‌చంద్ర నవలల్ని తెలుగులోకి తెచ్చారు. అవి ఎంతగా ఇళ్లల్లోకి వెళ్లాయంటే, శరత్ తెలుగువాడే అనుకున్నవాళ్లు ఉన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. పిల్లలకు దేవదాసు, పార్వతి కథ చెప్పిన అమ్మమ్మలకు అది బెంగాలీ కథన్న స్పృహ ఉండేది కాదు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి కలిసి ‘చందమామ’ మొదలుపెట్టారు. తర్వాత దశాబ్దాల పాటు దాని వెనకున్న చెయ్యి కుటుంబరావుది. పత్రిక ఇప్పుడు రావడం లేదు. కానీ నలభై దాటిన ఏ తెలుగువాణ్ని కదిపినా విక్రమార్కుడు, భుజాన శవం, అందులోని బేతాళుడు... అన్నీ వరసగా వచ్చేస్తాయి.

‘చందమామ’ను చదివిన తీరు గుర్తు తెచ్చుకోండి. పుస్తకం ఇంటికి రాగానే పిల్లల మధ్య కుస్తీ. ఎవరు ముందు చదవాలన్నది అమ్మ తేల్చాలి. చదవడం రాని చిన్నది బొమ్మలు చూస్తూ అక్క పక్కన కూర్చునేది. అక్క చదువుతుంటే విని విని, ఆ కథ కోసమే అక్షరాలు నేర్చుకునేది. పక్కింటివాళ్లకు ఇస్తే అట్ట చిరిగి వచ్చేది. ఆ చిరుగే దానికి వచ్చిన బహుమతి!

పావలాకు ఓ నవల

తెనాలి నుంచి బాపట్ల మీదుగా చీరాల చేరేలోపు ఇంకో ముచ్చట. ఉద్యమం చల్లబడ్డాక చదివే అలవాటును నిలబెట్టింది ఎవరు? వారపత్రికలు, సందుచివరి అద్దె పుస్తకాల షాపులు.

ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వారపత్రికల సీరియళ్ల కోసం ఎదురుచూసిన తరం ఇంకా మన ఇళ్లల్లోనే ఉంది. ఆ పేజీల్ని జాగ్రత్తగా చించి, వరసలో పెట్టి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేస్తే... ఇంట్లోనే నవల తయారు. మధ్యలో ఓ వారం పేజీ పోయిందా, వీధిలో ఎవరి దగ్గరుందో అడిగి తెచ్చుకోవాలి. అలా అడగడానికి వెళ్లినప్పుడే అసలు చర్చ. ‘చివరికి ఆ అమ్మాయి ఎవర్ని చేసుకుంటుందంటావు వదినా?’ అని ఒకరు. ‘ఆ పొగరుబోతునే చేసుకుంటుంది, చూస్తూండు’ అని ఇంకొకరు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ని అలా మాట్లాడుకోని ఇల్లు ఉందా? యండమూరి ‘తులసిదళం’ చదివి రాత్రి దీపం ఆర్పడానికి భయపడని పిల్లలున్నారా?

అద్దె షాపుల సంగతి సరేసరి. అడ్వాన్సు కట్టి పేరు రాయించుకుంటే చాలు. రోజుకు పావలాయో, అర్ధరూపాయో. ఆ షాపాయన పాఠకులందరి నాడీ పట్టినవాడు. ‘ఇది మీకు నచ్చదండీ, అమ్మగారికి నచ్చుతుంది’ అని చేతిలోంచి లాక్కుని ఇంకోటి ఇచ్చేవాడు. పుస్తకం లోపలి పేజీల్లో పెన్సిలు వ్యాఖ్యలుండేవి. ‘సూపర్’ అని ఒకరు రాస్తే, దాని కిందే ‘ఏడ్చినట్టుంది’ అని మరొకరు. ముఖం తెలియని పాఠకులు మార్జిన్లలో మాట్లాడుకున్న మాటలవి. చివరి పేజీ చింపేసిన మహానుభావులూ లేకపోలేదు. హంతకుడెవరో తెలియక ఊరంతా తిరిగి అడగాల్సి వచ్చేది.

చాలామంది ఆడవాళ్లకు అప్పట్లో ఇంటి పనీ, పుస్తకం... ఈ రెండే లోకం. ఒంటరిగా గ్రంథాలయానికి వెళ్లి కూర్చునే వీలు అందరికీ లేదు. కాబట్టి పుస్తకమే ఇల్లిల్లూ తిరిగింది. ఏం చదవాలో, ఎందుకు చదవాలో ఒకరికొకరు చెప్పుకున్నారు. విమర్శకులు ఆ నవలల్ని ఏమన్నా అననివ్వండి. లక్షలమందికి చదివే వేగం, రాసే ధైర్యం అక్కడే వచ్చాయి.

గాంధీజీ చేతికర్ర ఉన్న చోటు

చీరాల అనగానే బట్టలు. చీరాల-పేరాల ఉద్యమం, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఇక్కడికి కూతవేటు దూరంలో ఉంది వేటపాలెం. ఇప్పుడు బాపట్ల జిల్లా. మగ్గాలకూ, జీడిపప్పుకూ పేరున్న ఊరు. స్టేషన్లో దిగి ‘సారస్వత నికేతనం’ అని అడిగితే దారి చెప్పనివాళ్లుండరు.

ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి 1918 అక్టోబరు 15న దీన్ని స్థాపించారు. 2018కి నూరేళ్లు నిండాయి. 1929లో మహాత్మా గాంధీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను గ్రంథాలయం ఇప్పటికీ భద్రంగా దాచుకుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది దాని గురించే. కానీ అసలు నిధి బీరువాల్లో ఉంది.

పాత పత్రికలు! 1902లో బందరులో మొదలైన ‘కృష్ణాపత్రిక’, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు నడిపిన ‘ఆంధ్రపత్రిక’, 1924లో ఆయనే ప్రారంభించిన ‘భారతి’, ‘గృహలక్ష్మి’... సంపుటాలు సంపుటాలుగా బైండు చేసి ఉన్నాయి. తెలుగు సాహిత్యం మీదో, స్వాతంత్య్రోద్యమం మీదో పరిశోధన చేసేవాళ్లు దేశవిదేశాల నుంచి వెతుక్కుంటూ వచ్చేది వీటికోసమే. పెద్ద నగరాల్లో దొరకని సంచిక మగ్గాల ఊళ్లో దొరకడం వింతే మరి.

ఆ సంపుటం ఒకటి తెరిస్తే ఏముంటుంది? వార్తలుంటాయి, కవితలుంటాయి. వాటితో పాటు వాదాలుంటాయి. వాడుక భాషలో రాయాలా, గ్రాంథికంలోనా? ఆడపిల్లలకు ఎంత చదువు కావాలి? కొత్తగా వచ్చిన ఫలానా పుస్తకం బాగుందా లేదా? ఒక నెల ఒకరు రాస్తే మర్నెల ఇంకొకరు ఖండించారు. ఆ పై నెల మూడోవారు ఇద్దరికీ చురక పెట్టారు. వందేళ్ల కిందటి తెలుగువాళ్లు పుస్తకాల గురించి ఎలా మాట్లాడుకున్నారో, ఎంత వేడిగా పోట్లాడుకున్నారో ఆ పసుపుపచ్చ కాగితాల్లో అలాగే ఉంది. పుస్తకం ఎక్కడైనా మళ్లీ అచ్చువేయొచ్చు. ఆ మాటలు మాత్రం ఈ సంచికలు పోతే పోయినట్టే.

ఇంతకాలం ఎలా నిలబడింది? ప్రభుత్వం పెట్టింది కాదు కాబట్టి ఎవరి ఉత్తర్వు కోసమూ ఎదురుచూడలేదు. ఊరు పెట్టుకుంది, ఊరు కాపాడుకుంది. ఒక తరం పెద్దలు వెళ్లిపోతే తర్వాతి తరం తాళాలు అందుకుంది. ఉద్యమకాలంలో పుట్టిన గ్రంథాలయాలు చాలానే మూతపడ్డాయి. పెట్టినవాళ్ల తర్వాత తాళాలు అందుకునే మనిషి లేకపోవడమే చాలాచోట్ల కారణం.

కుర్చీలు నిండాయి... మాటలు ఆగాయి

‘ఈ రోజుల్లో గ్రంథాలయాలకు ఎవరొస్తున్నారండీ’ అంటారు చాలామంది. ఓసారి వెళ్లి చూడండి. జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో చోటు దొరకదు. హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలోనైతే చెట్టు కింద కూడా చదువుకునేవాళ్లే. అందరి ముందూ పోటీ పరీక్షల పుస్తకాలు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు గది అద్దె కట్టుకోవడమే కష్టం. ఫ్యాను, కుర్చీ, నిశ్శబ్దం ఉచితంగా దొరికే చోటు ఇదొక్కటే. వాళ్లు రావడం మంచిదే. గ్రంథాలయం వాళ్ల జీవితాన్ని మారుస్తోంది కూడా.

కానీ ఒకటి తగ్గింది. అక్కడ ఎవరూ ఎవరితోనూ ‘ఇది చదివారా’ అనడం లేదు. పరీక్ష పుస్తకం పక్కవాడికి చెబితే పోటీ పెరుగుతుంది. కథల పుస్తకం పక్కవాడికి చెబితే స్నేహం పెరుగుతుంది. రెండూ ఒక గదిలోనే ఉండొచ్చు. కాకపోతే రెండోదానికి ఓ మూల కావాలి, నెలకో సాయంత్రం కావాలి, దాన్ని పట్టించుకునే మనిషి కావాలి. గ్రంథపాలకుల పోస్టులు ఖాళీగా ఉన్నచోట ఆ మనిషి ఎక్కణ్నుంచి వస్తాడు?

అలాగని నిరాశపడాల్సిన పనీ లేదు. విజయవాడ పుస్తక మహోత్సవం 1989లో మొదలైంది. కొత్త సంవత్సరం వేళ పదకొండు రోజులు పుస్తకాల పండగ. చాలా ఏళ్లు స్వరాజ్య మైదానంలో జరిగింది. అక్కడ అంబేడ్కర్ స్మృతివనం వచ్చాక చోటు మారింది. 2025 జనవరిలో ఇందిరాగాంధీ స్టేడియంలో జరిగింది. ఆ రోజుల్లో ‘పుస్తకప్రియుల పాదయాత్ర’ ఉంటుంది. పుస్తకం కోసం జనం రోడ్డు మీద నడిచే ఊళ్లు ఎన్నున్నాయి చెప్పండి! హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో సంక్రాంతి సంతను మించిన సందడి. కొనేవాళ్లు కొంటారు, ఊరికే తిరిగేవాళ్లు తిరుగుతారు. ఏ స్టాలు ముందు చూసినా ‘అది కాదు, ఇది తీసుకో’ అనే గొంతులు. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలు తిరగేసేవాళ్లదీ, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద మోకాళ్ల మీద కూర్చుని వెతికేవాళ్లదీ అదే కులం.

సముద్రాలు దాటినా ఈ కులం మారలేదు. అమెరికాలో డెట్రాయిట్ తెలుగు సాహితీ సమితి 1998లో మొదలైంది. నెలకోసారి కలుస్తారు. ఓ తెలుగు పుస్తకం అందరూ చదివి వస్తారు. చర్చించుకుంటారు. వినడానికి ఎంత చిన్న పని! పుస్తకాలున్న ఏ ఊళ్లోనైనా, ఏ అపార్టుమెంటులోనైనా నలుగురు కలిస్తే జరిగే పని.

మీకిది తెలుసా?

వేటపాలెం వెళ్లడం ఏమంత కష్టం కాదు. విజయవాడ-ఒంగోలు మార్గంలో పాసింజరు రైళ్లు ఆగుతాయి. లేదంటే చీరాలలో దిగి ఆటోలో వెళ్లొచ్చు. వేళలు ముందే కనుక్కుంటే మంచిది. పక్కనే రామాపురం తీరం ఉంది కాబట్టి పిల్లలకు సముద్రం, పెద్దలకు గ్రంథాలయం. వచ్చేటప్పుడు జీడిపప్పు ఎలాగూ ఉంటుంది.

అంతదూరం వెళ్లలేకపోతే బీరువాలోంచి ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. అందులో గ్రంథాలయ పన్ను అని ఓ వరస కనిపిస్తుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు. వసూలైన ఆ సొమ్ము సకాలంలో గ్రంథాలయ సంస్థలకు చేరడం లేదన్నది రెండు రాష్ట్రాల్లోనూ ఎప్పటినుంచో ఉన్న ఫిర్యాదు. చేరనప్పుడు కొత్త పుస్తకాలు రావు, పాత ఫ్యాను తిరగదు, దీపం వెలగదు.

అంటే ఇల్లున్న ప్రతి కుటుంబమూ ఇప్పటికే ఏదో ఒక గ్రంథాలయానికి చందాదారే. చందా కట్టి పుస్తకం అడగనివాళ్లం ప్రపంచంలో బహుశా మనమే అయ్యుంటాం! ఈ వారం మీ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లండి. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. ఏదో ఒక పుస్తకం ఇంటికి తెచ్చుకోండి. తిరిగిచ్చేటప్పుడు అక్కడ పేపరు చదువుతున్న పెద్దాయన్ని ఓ మాట అడగండి...

‘మీరిది చదివారా?’ అని.